ఏటవాలుగా తెగిన దారం

“ఇది చేపల్ని పట్టే కొక్కెమా, చీమల్ని పట్టే కొక్కెమా?”

గాలం సామాన్ల కొట్టులో, కౌంటరు మీద చిన్న కాగితం పొట్లం విప్పి అడిగాడు వచ్చినవాడు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. చొక్కా జేబు అంచుకి గుండుసూదులు బారులు తీరి ఉన్నాయి. కోపంగానే వచ్చాడు కానీ ఆ కోపం అతని ముఖానికి బొత్తిగా నప్పలేదు. అరువు తెచ్చుకున్న కోటులా భుజాల దగ్గర జారిపోతోంది.

కౌంటరు వెనకున్న అమ్మాయి తల ఎత్తలేదు. భూతద్దం పెట్టుకుని ఎవరిదో తెగిన నైలాన్ దారం చివర చూస్తోంది.

“పద్దెనిమిదో నంబరు. నిన్న సాయంత్రం అంత రద్దీలో మీరే అడిగారు, మీరే పట్టుకెళ్ళారు.”

“అడిగానండీ, కాదనను. కానీ పద్దెనిమిది అంటే జీన్స్ గుడ్డలోంచి కూడా దూసుకుపోవాలి. ఇదేమో నా కంటికే ఆనడం లేదు.”

అప్పుడు ఎత్తింది తల. “జీన్స్ గుడ్డకీ చేపకీ ఏమిటి సంబంధం?”

“సూదికీ కొక్కేనికీ ఉంటుందిగా. మా మిషను సూదుల్లో నంబరు పెరిగితే సూది లావవుతుంది. పల్చటి గుడ్డకి పదకొండు, మందపాటి దానికి పద్దెనిమిది. పెద్ద చేప పడదామని పెద్ద నంబరు అడిగాను. తప్పా?”

ఆ అమ్మాయి పెదవి కొరుక్కుంది. మూడేళ్ళుగా ఈ కౌంటర్లో రకరకాల మనుషుల్ని చూసింది. చేపని మిషను సూదితో కొలిచినవాణ్ణి చూడడం మాత్రం ఇదే మొదలు.

“కొక్కేల్లో లెక్క తలకిందులండీ. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది.”

“ఎవడు పెట్టాడండీ ఈ లెక్క?”

“మీ సూదుల లెక్క పెట్టినవాడి తోడల్లుడై ఉంటాడు. ఇద్దరికీ పడదేమో.”

టైలరు కోపం అక్కడికక్కడే చల్లబడిపోయింది. నవ్వాడు. ఎడమవైపు పై పన్ను ఒకటి వరస తప్పి కాస్త ముందుకొచ్చి ఉంది. ఆ అమ్మాయి దాన్ని చూడకూడదనుకుంటూనే రెండుసార్లు చూసింది.

“అయితే కొక్కెం ఒక్కటే కాదు, మొత్తం సెట్టు మీరే ఇవ్వండి. నాకు ఏమీ తెలీదు.”

ఈ మాట లోపలి గదిలో కూర్చున్న ఆమె బావగారి చెవిన పడింది. అక్క మొగుడు. మెరిసే వస్తువంటే ఆయనకి ప్రాణం. ఏమీ తెలియని కస్టమరంటే ఇంకా ప్రాణం. గది గడప దాటేసరికే ఆయన చేతిలో నల్లటి రాడ్డు ఉంది.

“ఇది చూడండి సార్. పన్నెండు అడుగులు. కార్బన్. చేతిలో ఉన్నట్టే ఉండదు.”

టైలరు రాడ్డు తీసుకుని ధర చీటీ చూశాడు. పెదవులు లోలోపల కదిలాయి. “నలభై రెండు ప్యాంట్లు,” అన్నాడు.

“ఏమిటీ?” అన్నాడు బావగారు.

“ధర ఇలా చెప్పుకుంటేనే నాకు తలకెక్కుతుందండీ. ఇది కొనాలంటే నలభై రెండు ప్యాంట్లు కుట్టాలి. జిప్పుల పని కాకుండా.”

ఆ అమ్మాయి రాడ్డు అతని చేతిలోంచి తీసుకుని గోడకి ఆనించేసింది. “ఇది మీకొద్దు.”

“ఎందుకొద్దు? నా చేతికి తగదా?”

“ఒడ్డున నిలబడి మొదటిసారి విసిరేవాడికి పన్నెండు అడుగులెందుకు? వెనకనున్న చెట్టుకి తగిలిస్తారు. కార్బన్ రాయి మీద పడితే చిట్లుతుంది. మీరు పడేస్తారు.”

“పడేస్తానని ఎలా చెప్పగలరు?”

“పొట్లం విప్పేటప్పుడు ఆ కొక్కేన్ని రెండుసార్లు పడేశారు.”

బావగారు మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె చకచకా ఒక్కొక్కటే తీసి కౌంటరు మీద పెట్టింది. రెండు ముక్కలుగా ఊడదీసుకునే ఏడడుగుల ఫైబర్ రాడ్డు. తిప్పితే గరగరలాడని చిన్న రీలు. పావు మిల్లీమీటరు దారం ఒక చుట్ట. ఎనిమిదో నంబరు కొక్కేలు పది. నీళ్ళ మీద తేలే ఎర్ర తల బెండ్లు రెండు. చిన్న డబ్బాలో సీసం గుళ్ళు.

“ఎర కొనకండి. ఇంట్లో మిగిలిన రొట్టె మెత్తగా పిసికి ఉండ చేస్తే చాలు. కుర్చీ, గొడుగు, టోపీ, అరలున్న పెట్టె అన్నీ అమ్ముతాం కానీ మీకు ఇప్పుడే అమ్మను. మూడుసార్లు వట్టి చేతులతో ఇంటికొచ్చాక కూడా మళ్ళీ వెళ్ళాలనిపిస్తే అప్పుడు రండి.”

“మొత్తం ఎంతయింది?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “నాలుగు చొక్కాల కుట్టుకూలి.”

టైలరు ఆమె వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. తన భాషలో తనకి ధర చెప్పిన మనిషి ఇంతవరకు ఎదురుపడలేదు.

“ఇంకో మాట,” అంది ఆమె సామాను సంచిలో వేస్తూ. “దారం తెగితే ఆ చివర పారేయొద్దు. నాకు తెచ్చివ్వండి. కొత్తది సగం ధరకే ఇస్తాను.”

అది ఆమె పెట్టిన పద్ధతి. ముడి దగ్గర తెగిన దారం ఉంగరం తిరుగుతుంది. రాయికి ఒరుసుకుని తెగితే గరుకుగా పొరలు లేస్తుంది. విసురుగా లాగి తెంపితే సాగి పల్చబడుతుంది. భూతద్దంలో చూసి ఎవరు ఏ తప్పు చేశారో ఇట్టే చెప్పేది. ఆ ముక్కల్ని గాజు సీసాల్లో వేసి, మీద “ముడి”, “రాయి”, “తొందర” అని చీటీలంటించేది. నది ఒడ్డున గాలాలు వేసే బ్యాచి మొత్తం ఆమెకి డాక్టరమ్మ అని పేరు పెట్టేసింది. అసలు పేరు ఇంట్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

అయితే ఈ డాక్టరమ్మ గురించి ఒక రహస్యం ఉంది. దాన్ని దాచిపెట్టి కథ చెప్పడం న్యాయం కాదు.

ఆమె పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా నీళ్ళలో గాలం వెయ్యలేదు.

చిన్నప్పుడు వానపాములంటే ఒళ్ళు జలదరించి వెళ్ళలేదు. పెద్దయ్యాక ఆదివారాలు నాన్న ఒడ్డుకి పోతే కొట్టు చూసుకోవడానికి ఉండిపోయింది. నాన్నేమో, మిగతా రోజుల్లో స్నేహితురాళ్ళతో వెళ్తుందిలే అనుకున్నాడు. ఈలోగా సలహాలు ఇవ్వడం మొదలైంది, పేరొచ్చింది. పేరొచ్చాక “నాకు విసరడం రాదు” అని ఎవరితో చెబుతుంది? రేపు నేర్చుకుందాం, రేపు నేర్చుకుందాం అనుకుంటూ మూడేళ్ళు గడిపేసింది.

ఇప్పుడు ఆ రేపు మెడ మీదికొచ్చింది. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది. కొట్టు ఇక తన వల్ల కాదన్నాడు. వచ్చే నెలాఖరు ఆదివారం తాళాలు ఎవరికిచ్చేదీ చెబుతానన్నాడు. బావగారికిస్తే చవక సామాను అర మొత్తం పీకేసి అద్దాల షోరూమ్ పెడతాడు. ఆమెకిస్తే కొట్టు కొట్టులా ఉంటుంది. నాన్న మనసు ఆమె వైపే ఉంది. కానీ ఆయనది ఒకటే పట్టుదల.

“నీళ్ళ దగ్గర నిలబడ్డ మనిషే ఈ కౌంటర్లో నిలబడాలి,” అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి అన్నం సయించేది కాదు.

*

టైలరు నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు, రాడ్డుతో సహా.

“ఈ రీలు పాడైపోయిందండీ. దారమంతా చిక్కుపడిపోతోంది.”

ఆమె రాడ్డు చూసి కళ్ళు మూసుకుంది. “రీలు పైన బిగించారేం? ఇది కర్ర కింద వేలాడాలి.”

“కిందా? మిషను చక్రం పైనేగా ఉంటుంది?”

“మరి తిప్పడం ఎటు తిప్పారు?”

“నా వైపుకి. చక్రం తిప్పినట్టే.”

“అంటే నాలుగు రోజులుగా నదిని కుడుతున్నారన్నమాట.”

కొట్టులో ఉన్న ఇద్దరు కస్టమర్లు పగలబడి నవ్వారు. టైలరు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. తన మీద తాను నవ్వుకునే మగవాళ్ళు ఆమెకి పెద్దగా తారసపడలేదు. ఆమె రీలు ఊడదీసి కింద బిగించింది.

ఆమెకి అర్థం కానిది ఇంకొకటుంది. మనిషి ఇంత అయోమయం. కానీ కొక్కేనికి వేసిన ముడి చూస్తే ముత్యంలా ఉంది.

“ఇది ఎవరు వేసిచ్చారు?”

“నేనే. పెదవులతో తడిపి బిగించాను. సూదిలోకి దారం ఎక్కించేముందు తడుపుతాంగా, అలవాటు.”

తడిపి బిగించమని ఆమె వందమందికి చెప్పి ఉంటుంది. చేసినవాడు ఇతనొక్కడే. “ముడి బాగుంది,” అంది పొడిగా. ఆ రెండు మాటలకే అతను తాను కుట్టిన బట్టని ఎవరో పొగిడినంత సంబరపడిపోయాడు.

“ఒక్కసారి మీరే ఒడ్డుకొచ్చి విసరడం చూపించకూడదూ?”

“ఈ వారం స్టాకు లెక్క ఉంది.”

తర్వాతి వారం అడిగితే జలుబన్నది. ఆ పై వారం చెప్పు తెగిందన్నది. అడిగినప్పుడల్లా ఒక కొత్త సాకు. అతను ప్రతిసారీ తల ఊపి వెళ్ళిపోయేవాడు.

అప్పటినుంచి దారం తెగడం మొదలైంది. ఒకసారి రాయికి ఒరుసుకుని తెగింది. అది నిజమే, పొరలు లేచి ఉంది. రెండోసారి జోరున వాన కురుస్తున్న రోజు వచ్చాడు.

“పెద్ద చేపండీ. మోచెయ్యంత ఉంటుంది. లాగేసరికి పుటుక్కుమంది.”

ఆమె తెగిన చివర భూతద్దం కింద పెట్టింది. మెలి లేదు. గరుకు లేదు. సాగడం అసలే లేదు. నున్నగా, శుభ్రంగా, ఏటవాలుగా తెగి ఉంది. దారాన్ని ఇలా ఏటవాలుగా కత్తిరించేది సూది బెజ్జంలో సులువుగా దూర్చాలనుకునే మనిషొక్కడే. ఆమె చూపు భూతద్దం మీదినుంచి అతని మెడలోని టేపు మీదికి, అక్కణ్ణుంచి బూట్ల మీదికి వెళ్ళింది. బయట కుండపోత. బూట్లకి మాత్రం బురద చుక్క లేదు.

గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. నవ్వు తన్నుకొచ్చింది. రెండూ మింగేసి, “పాపం, మంచి చేపే,” అంది.

“మంచి చేపండీ,” అన్నాడతను గుటక మింగుతూ.

“ఈసారి కాస్త లావు దారం ఇస్తాను. ఇది తెగదు.”

మూడు రోజుల్లో అదీ తెగింది. చేప మోచెయ్యి నుంచి భుజం దాకా పెరిగింది. ఆమె ఈసారి పోగులు పేనిన అల్లిక దారం ఇచ్చింది, కొట్టులో అన్నిటికంటే గట్టిది. అదీ తెగింది. ఈసారి చేప అతన్ని తలతిప్పి చూసిందట.

“ఎలా చూసింది?” అంది ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని.

“కోపంగా.”

“కళ్ళు ఏ రంగు?”

“నల్లగా. పెద్దవి. ఎదుటివాణ్ణి మాట తడబడేలా చేసే కళ్ళు,” అంటూ తడబడి, టేపు సర్దుకున్నాడు.

అతను వెళ్ళాక ఆమె కొత్త సీసా ఒకటి కడిగి తుడిచి, ఏటవాలు ముక్కలన్నీ అందులో వేసింది. చీటీ మాత్రం అంటించలేదు. ఏం రాయాలో తెలియక కాదు, రాస్తే బావగారు చదువుతాడని.

కానీ బావగారు చదవకపోయినా వింటాడు. లోపలి గదిలో కూర్చుని చేప కథ మొదటినుంచీ వింటూనే ఉన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారి చెవిలో వేశాడు.

“ఒడ్డుకి దగ్గర్లోనే ఉందట మామయ్యగారూ. అల్లిక దారం కూడా తెంపేసిందట.”

పెద్దాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. “అల్లిక దారమా? మన నదిలోనా?”

“కొట్టులో అందరికీ తెలుసు. మీ డాక్టరమ్మే వైద్యం చేస్తోంది.”

ముప్పై ఏళ్ళుగా ఆ నదిలో గాలం వేస్తున్న మనిషి. అంత చేపని ఒక్కసారీ చూడలేదు. మోకాలి నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాడు. “ఆదివారం పొద్దున్న అందరం ఒడ్డుకి వెళ్దాం. ఆ టైలర్ని రమ్మను. చిన్నమ్మాయే దగ్గరుండి గాలం విసిరి, చేపని ఎలా అలసగొట్టాలో వాడికి చూపిస్తుంది. నేను కుర్చీలో కూర్చుని చూస్తాను. తాళాల సంగతి కూడా అక్కడే తేల్చేద్దాం.”

ఆమె సగం తిన్న కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

శనివారం మధ్యాహ్నం టైలరు షాపు తలుపు ధడాలున తెరుచుకుంది. లోపల ఇస్త్రీ వాసన. తల లేని బొమ్మకి తొడిగిన సగం కోటు. నేలంతా గుడ్డపీలికలు. అతను సుద్దముక్కతో గీత గీస్తున్నవాడల్లా ఆగాడు.

ఆమె ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. “ఇవన్నీ ఏ చేప కొరికిందో చెప్పండి.”

“అదీ... పెద్ద...”

“ఆ చేపకి కత్తెర ఎవరిచ్చారు?”

అడ్డంగా దొరికిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఎప్పటినుంచి తెలుసు?”

“మొదటి ముక్క నుంచి.”

“మరి అన్నాళ్ళూ చేప కళ్ళు ఏ రంగని అడిగారే?”

“మీరు ఎంతవరకు వెళ్తారో చూద్దామని. ఇప్పుడు నవ్వులాట కాదండీ. మీ చేప నా కొంప ముంచింది. రేపు మా నాన్న ముందు నేను గాలం విసరాలి.”

“విసరండి. డాక్టరమ్మ కదా.”

ఆమె చూపు నేల మీది గుడ్డపీలికల మీదికి జారింది. అతను సుద్దముక్క కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. “మీకు విసరడం రాదు. నాకు తెలుసు.”

ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

“మూడు నెలల కిందట మీ నాన్నగారు ఇంట్లో అందరి కోట్లూ బాగుకి పంపారు. ఒడ్డు బ్యాచి కోట్లన్నీ నా దగ్గరికే వస్తాయండీ. విసిరి విసిరి కుడి భుజం కుట్టు వదులైపోతుంది. ఛాతీ మీద కొక్కేలు లాగిన పోగులుంటాయి. జేబుల అడుగున పొలుసులు. మీ కోటుకి భుజం కొత్తదానిలాగే ఉంది. అరిగినవి మోచేతులు. బల్ల మీద ఆనించి ఆనించి.”

“మూడు నెలల నుంచీ తెలుసా?” అంది ఆమె. “ఎవరికైనా చెప్పారా?”

“కస్టమరు కొలతలు బయటికి చెప్పేవాడు టైలరవుతాడా?”

“మరి తెలిసి తెలిసి ఒడ్డుకి రమ్మని ఎందుకు అడిగేవారు?”

“మీ సాకులు వినడానికి. పదకొండు చెప్పారు, ఒక్కటీ రెండోసారి రాలేదు. చెప్పు తెగిందన్న రోజు మీ కాళ్ళకి బూట్లున్నాయి.”

ఆమెకి నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే ముందుకొచ్చింది. “మీకు ఆటగా ఉంది. నాకు ఆ కౌంటరు తప్ప ఇంకేం లేదు. రేపు అది బావగారి చేతికి పోతుంది. కొత్తగా నేర్చుకుందామని వచ్చినవాళ్ళకి ఆయన నలభై రెండు ప్యాంట్ల రాడ్డు అంటగడతాడు. వాళ్ళు ఒకసారి విరగ్గొట్టుకుని ఇంక నది మొహం చూడరు.”

టైలరు ముఖంలో అల్లరి అంతా దిగిపోయింది. “చేపే లేదని తెలిస్తే మీరు విసరక్కర్లేదుగా? రేపు నేను నిజం చెప్పేస్తాను. మీ మాట ఎత్తను.”

“ఎందుకు కత్తిరించావని అడుగుతారు.”

“అడగనివ్వండి.”

ఆమె నమ్మలేదు. కన్నీళ్ళు తుడుచుకుని, సీసా కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

*

ఆదివారం పొద్దున్న నది ఒడ్డున జాతరలా ఉంది. ఒడ్డు బ్యాచి మొత్తం దిగింది. పెద్దాయన మడత కుర్చీలో, మోకాలి మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. బావగారు నల్ల కార్బన్ రాడ్డు పట్టుకుని, కొత్త టోపీ పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. తాళాల గుత్తి పెద్దాయన కోటు జేబులో గలగలమంటోంది.

“ఏమయ్యా టైలరూ, చేప ఎక్కడ?” అన్నాడు పెద్దాయన.

టైలరు నాలుగడుగులు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చవక రాడ్డు. రీలు ఈసారి కిందే ఉంది.

“చేప లేదండీ.”

“ఇవాళ రాలేదంటావా?”

“ఎప్పుడూ లేదండీ. దారం నేనే కత్తిరించేవాణ్ణి.”

పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. “అల్లిక దారం కూడానా? దేంతో?”

“గుడ్డ కత్తెరతో. అంచు దెబ్బతింది.”

“దెబ్బతినదూ మరి. ఎందుకయ్యా ఇంత పని?”

టైలరు ఒక్కసారి ఆమె వైపు చూసి, వెంటనే చూపు నీళ్ళ మీదికి తిప్పేసుకున్నాడు. “తెగిన చివర తెస్తే మీ అమ్మాయిగారు భూతద్దం పెట్టి అయిదు నిమిషాలు చూస్తారండీ. ఆ అయిదు నిమిషాలు నేను ఆవిడని చూడొచ్చు. ఆవిడకేమీ తెలీదు. తప్పంతా నాది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారు పెద్దగానే నవ్వాడు. “బాగుంది. కస్టమరు కత్తిరించిందో చేప కొరికిందో కూడా తెలీని డాక్టరమ్మ అన్నమాట.”

టైలరు మెడ వంచుకుని నిలబడ్డాడు. అందరి ముందూ పరువు పోగొట్టుకుని, ఆమెని మాత్రం ఒడ్డు మీద క్షేమంగా వదిలేశాడు. ఇప్పుడు ఆమె నోరు మెదపకపోతే చాలు. చేప లేదు, విసరక్కర్లేదు, మధ్యాహ్నానికి తాళాలు చేతికొస్తాయి. అయినా ఆ వంగిన మెడ చూస్తూ ఆమె నిలబడలేకపోయింది.

“నాకు తెలుసు నాన్నా. మొదటి రోజే తెలుసు. అతను రావడం ఆగిపోతుందని చెప్పలేదు.” ఊపిరి తీసుకుంది. “ఇంకొకటి కూడా చెప్పలేదు. నేను ఇంతవరకు ఒక్కసారి కూడా గాలం వెయ్యలేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ముఖంలో ముందు నమ్మలేనితనం, తర్వాత బాధ కనిపించాయి. “మూడేళ్ళూ?”

“మూడేళ్ళూ. తెగినవాటిని చూసి నేర్చుకున్నదే. నీళ్ళ దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదు. నువ్వు తాళాలు బావగారికిస్తే నేను తప్పుపట్టను.”

బావగారు టోపీ సర్దుకున్నాడు. పెద్దాయన టైలరు చేతిలోని రాడ్డు తీసుకుని కూతురికిచ్చాడు. “వెయ్యి.”

“ఇప్పుడా?”

“ఇంకెప్పుడు?”

ఆమె రొట్టె ఉండ గుచ్చి విసిరింది. అది వెనక పొదకి తగులుకుంది. రెండోసారి విసిరితే కొక్కెం బావగారి కొత్త టోపీని ఎత్తుకెళ్ళి నీళ్ళలో ముంచింది. బ్యాచి ఈలలు వేసింది. టోపీ విడిపించి మూడోసారి విసిరింది. బెండు పదిహేను అడుగుల దూరంలో బుడుంగున పడి తేలింది. ఆమె రాతి మీద కూర్చుంది.

అరగంట గడిచింది. ఎదురెండకి నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి, మెడ ఇటు సాచి అటు సాచి చూసింది. ఉన్నట్టుండి లేచింది.

“నాన్నా, బెండు కనపడటం లేదు.”

“మునిగిందా?”

“మునగలేదు. ఎర్ర తల కదా, ఈ మెరుపులో కలిసిపోతోంది. పొద్దున్నపూట ఈ ఒడ్డున కూర్చుంటే ఎండ ముఖం మీదే కొడుతుంది. నల్ల తల ఉండాలి. కొత్తవాళ్ళు బెండు మునిగింది చూడలేదంటే, పరధ్యానమని వాళ్ళనే కోప్పడ్డాను. తప్పు వాళ్ళది కాదు, నేనిచ్చిన బెండుది. అలాంటివి కొన్ని వందలు అమ్మాను నాన్నా. రేపే అందరినీ పిలిచి మార్చివ్వాలి.”

ఒడ్డు బ్యాచిలో ఒకాయన తన బెండు వైపు చూసుకుని, “అందుకా నాకు రెండేళ్ళుగా...” అని గొణిగాడు.

పెద్దాయన కళ్ళు చికిలించి నీళ్ళ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా వస్తున్నాడు. అలవాటైన కంటికి ఏ రంగైనా ఒకటే. ఏ రంగు కనపడదో చెప్పాలంటే కొత్త కళ్ళే కావాలి. జేబులోంచి తాళాల గుత్తి తీశాడు.

“నీళ్ళ దగ్గర నిలబడ్డ మనిషే కౌంటర్లో నిలబడాలన్నాను. నువ్వు నిలబడింది అరగంటే. ఆ అరగంటలో నాకు తెలియనిది చెప్పావు. ఇవి తీసుకో. ప్రతి ఆదివారం మాత్రం కొట్టు మూసి ఇక్కడికి రావాలి.”

“మామయ్యగారూ, మరి నేను?” అన్నాడు బావగారు టోపీ పిండుకుంటూ.

“నువ్వు కార్బన్ రాడ్లు అమ్ముకోవయ్యా, ఒక అర ఇస్తుంది. కొత్తవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు.”

తాళాలు అరచేతిలో బరువుగా, వెచ్చగా ఉన్నాయి. ఆమె అవి జేబులో వేసుకుని చుట్టూ చూసింది. టైలరు లేడు. చాలా దూరంలో, ఒడ్డు వంపు తిరిగే చోట నది వైపు ముఖం పెట్టి ఒక్కడే కూర్చున్నాడు. ఆమె రాడ్డు రాతి సందులో గుచ్చి అటు నడిచింది.

“వెళ్ళిపోయారనుకున్నాను.”

“వెళ్దామనే అనుకున్నానండీ. కాళ్ళు రాలేదు.” లేచి నిలబడ్డాడు. “కోపంగా ఉందా?”

“ఉంది. అందరి ముందూ అలా తల వంచుకుని నిలబడతారా?”

“మిమ్మల్ని కాపాడదామని...”

“నన్ను కాపాడక్కర్లేదు. ఇకనుంచి దారం కూడా కత్తిరించక్కర్లేదు.”

అతని ముఖం వాడిపోయింది. “అంటే ఇక రావద్దంటారు.”

“ఇంత అయోమయం మనిషివేమిటి నువ్వు? సాకు లేకుండా రమ్మంటున్నాను. పొద్దున్న రా, సాయంత్రం రా. నువ్వు రాని రోజు నాకు కొట్టు బోసిగా ఉంటోంది. ఎవరు తలుపు తీసినా నువ్వేననుకుని చూస్తున్నాను. నువ్వంటే నాకిష్టం. అర్థమైందా, ప్యాంట్ల లెక్కలో చెప్పాలా?”

టైలరు ఆ వరస తప్పిన పన్ను బయటపడేలా నవ్వాడు. ఆమె ఈసారి దాన్ని తనివితీరా చూసింది.

వంపుకి ఇవతల బావగారు మామగారి భుజం పట్టుకుని ఊపాడు. రాతి సందులో గుచ్చిన రాడ్డు వంగుతోంది. ఎర్ర తల బెండు ఒకసారి ఊగి, రెండుసార్లు ఊగి, బుడుక్కున మునిగిపోయింది. రీలు కర్రుమంటూ తిరుగుతోంది. చిన్న చేప కాదది.

“మామయ్యగారూ, పడింది. పిలవండి అమ్మాయిని,” అని నోరు తెరిచాడు బావగారు.

పెద్దాయన తడిసిన టోపీ లాక్కుని అల్లుడి నోటికి అడ్డం పెట్టాడు. కళ్ళు మాత్రం రాడ్డు మీదే ఉన్నాయి. అది వంగింది, ఇంకా వంగింది, చేప తప్పించుకోగానే చటుక్కున నిటారుగా లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళలో ఆయన కావాలని ఒక చేపని వదిలెయ్యడం అదే మొదటిసారి. ఒక నిట్టూర్పు విడిచి, కుర్చీ అటు తిప్పించుకుని, వంపు దగ్గర నిలబడ్డ ఇద్దరికీ వీపు పెట్టి కూర్చున్నాడు.